యాడికని అడగలేదు

మేరాజ్ బీకి ఊరి సంగతి చెప్పడానికి ఇచ్చేది ఒక్క నిమిషం. నంబరు నొక్కితే అవతల తియ్యటి ఆడగొంతు "నిమిషం కబురుకు స్వాగతం, గంట మోగాక మీ ఊరి వార్త చెప్పండి" అంటుంది. గంట మోగుతుంది. నిమిషం కాగానే, మాట నోట్లో ఉన్నా సరే, లైను టక్కున తెగుతుంది. మన ఊళ్లలో ఒక మనిషి బాగోగులు చెప్పాలంటే వాళ్ల తాత దగ్గర్నుంచి ఎత్తుకోవాలి. అలాంటిది నిమిషంలో ఊరినంతా చెప్పమంటే ఎవరి తరం? మొదట్లో ఆమె "అన్నా బాగుండారా, మాది గుట్టకిందపల్లె, బత్తలపల్లె మండలం, నేను ఆటో పీరాసాబ్ భార్యను" అనేసరికే సగం కాలం హరించుకుపోయేది. పోనుపోను ముందూ వెనకా కత్తిరించడం నేర్చుకుంది. కత్తిరించడం ఆమెకు కొత్తేమీ కాదు. బస్సుల రోడ్డు మీదే ఇల్లు, ఇంటి ముందర పంచలో కుట్టుమిషను, అదే ఆమె బతుకుదెరువు.

ఆమె చెప్పిన మాటలను నగరంలో ఎవరో కూర్చుని విని, రాసి, పైన ఒక శీర్షిక తగిలించి, ఆమె పంపిన ఫోటో అతికించి వేలమంది ఫోన్లకు పంపుతారు. జీతం లేదు, బత్తెం లేదు. మెడలో వేసుకోను ఒక కార్డు ఇచ్చారు, అందులో ఆమె మొహం కోళ్లు దొంగిలించి దొరికిపోయిన మనిషిలా ఉంటుంది. అయినా ఆమెకు అదంటే ప్రాణం. వేసవిలో నీళ్ల ట్యాంకరు రావడం మానేస్తే ఆమె ఫోనులో చెప్పింది, ఆ వారంలోనే ట్యాంకరు వచ్చింది. ఆ రోజు బిందెలు పట్టుకుని వరసలో నిలబడ్డ ఆడవాళ్లు "న్యూసక్కను ముందర పట్టుకోనీండి" అని దారిచ్చారు. అంతటి మర్యాద పెళ్లిలో కూడా జరగలేదని ఆమె మొగుడినే దెప్పింది. పీరాసాబ్ ఊరుకుంటాడా? "రాత్రి కూర మాడిపోయిన వార్త కూడా చెప్పు, అధికారులొచ్చి మంచి కూర చేసిపోతారు" అన్నాడు.

ఈ వేసవి చివర్లో నగరంలో ఆ వార్తలు రాసే రామదాసు అనే అబ్బాయి ఫోను చేసి, మీ వైపు బత్తాయి తోటలు, అదే మీ చీనీ తోటలు, ఎండిపోతున్నాయట కదండీ, ఫోటోతో సహా చెప్పండి అన్నాడు. ఎవరిదో ఎందుకు, పక్కింటి కొండప్పదే ఉంది. మూడెకరాల తోట, కాపుకొచ్చిన చెట్లు. బోరు ఎండితే ఇంకో బోరు వేశాడు, అదీ ఎండితే ఇంకోటి. మట్టి పైకొచ్చింది గాని నీళ్లు రాలేదు. మేరాజ్ బీ తోటలోకి పోయి, పుల్లలయిపోయిన చెట్ల నడుమ అతన్ని నిలబెట్టి ఫోటో తీసింది. "రోంత నవ్వప్పా" అని అలవాటుకొద్దీ అనేసి నాలుక కరుచుకుంది. కొండప్ప మాత్రం నిజంగానే కొంచెం నవ్వాడు.

ఆ ఫోటో ఫోనులోనే ఉండిపోయింది. జాకెట్ల గిరాకీలో పడి ఆమె వార్త సంగతి మరిచింది. అలా మరిచి ఉంటే ఎంత బాగుండేది!

ఆ రోజు పొద్దున్నే, ఊళ్లో ఆడవాళ్లంతా ఉపాధి పనికి వెళ్లాక, కొండప్ప భుజాన సంచితో వచ్చి మిషను ముందు నిలబడ్డాడు. సంచి పట్టీ తెగింది. "రోంత కుట్టియ్యక్కా" అన్నాడు. గడ్డం గీసుకున్నాడు, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. మేరాజ్ బీ సంచిని మిషను కింద సర్దుతుంటే లోపల ఏదో గట్టిగా చేతికి తగిలింది, సీసాలాగా.

"ఊరగాయనా కొండప్పా?"

"ఆఁ" అన్నాడు అతను, రోడ్డు వైపు చూస్తూ.

ఊరగాయ ఉందంటే ఊరు దాటుతున్నాడనే కదా. బెంగుళూరుకో, ఇంకో చోటికో, కూలికి. అంతకుముందు వారమే రెండు ఇళ్లకు తాళాలు పడ్డాయి. అయినా మేరాజ్ బీ ఎక్కడికని అడగలేదు. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడిగితే పోయే పని చెడుతుంది. అది మనకు ఉగ్గుపాలతో పట్టిన మర్యాద. అడగాలనిపిస్తే "దూరమా?" అనాలి. చెప్పదలచుకున్నవాడు ఊరిపేరు చెబుతాడు, చెప్పదలచుకోనివాడు అటూ ఇటూ కాకుండా ఒక మాట అనేసి కదులుతాడు. మేరాజ్ బీ మెడలో విలేఖరి కార్డు ఉంటే ఉండవచ్చు, నోట్లో నాలుక మాత్రం గుట్టకిందపల్లెదే.

"దూరమా?" అంది.

"దూరమే అక్కా" అన్నాడు కొండప్ప. పట్టీని రెండుసార్లు లాగి చూసుకుని సంచి భుజాన వేసుకున్నాడు. "పోతాండా."

ఆమె తలూపి దారం కొరికింది. అతను బస్సెక్కి వెళ్లాక చాలాసేపు మనసు మనసులో లేదు. మంచి మనిషి, చెట్టును బిడ్డలా చూసుకున్నవాడు, ఇలా సంచి తగిలించుకుని వెళ్లాల్సి వచ్చిందే అని బాధపడింది. అప్పుడు గుర్తొచ్చింది వార్త. ఆ బాధ చల్లారకముందే నంబరు నొక్కింది. గంట మోగింది.

"మా ఊర్లో చీనీ తోటలన్నీ ఎండిపాయె. మా పక్కింటి కొండప్పది మూడెకరాల తోట. బోరు మీద బోరు ఏసినా సుక్క నీళ్లు పడ్లేదు. కండ్ల ముందర చెట్లు ఎండతా ఉంటే చూడలేక పోయినాడు పాపం, ఈ పొద్దే. ఇంట్లో పెండ్లాం, ముసిలి నాయన మిగిలినారు. ఇట్ల ఒక్కొక్కరే పోతా ఉంటే ఊర్లో మొగోళ్లు మిగల్రు. అధికారులు వచ్చి..."

లైను తెగింది. ఫోటో పంపి, బాగా చెప్పాననుకుని, మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

పొద్దు నడినెత్తికి రాకముందే పీరాసాబ్ బత్తలపల్లె ఆటో స్టాండు నుంచి ఫోను చేశాడు.

"ఏమే, కొండప్ప సచ్చినాడంటనే?"

మేరాజ్ బీకి నవ్వొచ్చింది. "నీకేమన్నా తిక్కనా? పొద్దున నా కాడ సంచి కుట్టిచ్చుకున్నాడు."

"స్టాండులో అందరి ఫోన్లకూ వచ్చిండాది. మీ నిమిషం కబురే. నీ పేరు కూడా ఉండాది కింద."

ఆమె ఫోనులో నిమిషం కబురు తెరిచింది. "తోట ఎండె... ఊపిరి ఆగె!" ప్రాస కుదిరితే చాలు, మనిషి ఉన్నాడా పోయాడా అని వెనక్కి తిరిగి చూసుకోని రోజులివి. కింద: బత్తలపల్లె మండలంలో చీనీ రైతు బలవన్మరణం. ఎండిన చెట్ల నడుమ కొండప్ప ఆ కొంచెం నవ్వుతో నిలబడి ఉన్నాడు, ఫోటో చుట్టూ నల్లగీత. అట్టడుగున: సమాచారం, మేరాజ్ బీ, గుట్టకిందపల్లె. ఎవరెవరో దండాల బొమ్మలు పెడుతూనే ఉన్నారు, ఆమె చూస్తుండగానే ఇంకో రెండు పడ్డాయి.

ఆమె రామదాసుకు ఫోను కలిపింది.

"సార్, కొండప్ప సావలేదు సార్! ఆ వార్త తీసెయ్యండి, బిరీన!"

"అదేంటండీ? మీరే కదా చెప్పారు. ఆడియో రెండుసార్లు విన్నాను. 'చూడలేక పోయినాడు పాపం' అన్నారు."

"పోయినాడంటే పోయినాడు సార్! ఊరిడిసి పోయినాడు."

"అంటే... వెళ్లాడనా?"

"ఆ, మీ పక్క వెళ్లినాడంటారే, అది. మేం సంతకు పోయినాడంటాం, దర్గాకు పోయినాడంటాం. ఒట్టిగా మనిషి పోయినాడని యాడన్నా అంటామా..." అంటూనే ఆగిపోయింది. తను అన్నది ఒట్టిగానే కదా. సంతకనీ అనలేదు, దర్గాకనీ అనలేదు.

అవతల కుర్రాడు నిట్టూర్చాడు. మంచివాడే. "నాదే తప్పండీ. మళ్లీ మీకు ఫోన్ చేసి అడగాల్సింది. ఇప్పుడే తీసేస్తున్నాను. సవరణ కూడా వేస్తాను. చెప్పండి, ఎక్కడికి వెళ్లాడు?"

మేరాజ్ బీ నోరు తెరిచింది. తను అడగనిదే అది.

"మేరాజ్ గారూ? ఏ ఊరు వెళ్లాడండీ? ఆయనతో మాట్లాడారా?"

"లేదు సార్."

"మరి బతికే ఉన్నాడని ఎలా రాయమంటారు?"

అతను దెప్పిపొడవాలని అన్నది కాదు. కానీ ఆ మాట వినగానే ఆమె ఫోను పెట్టేసింది. గబగబా కొండప్ప నంబరు నొక్కింది. స్విచాఫ్. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే. పొద్దున గీసుకున్న గడ్డం, ఉతికిన చొక్కా, చేతికి తగిలిన సీసా, "దూరమే అక్కా" అన్న గొంతు, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీదపడ్డాయి. ఊరగాయ అని అన్నది ఎవరు? తనే. అతను ఆఁ అన్నాడు, అంతే. అబద్ధం వార్త వేశారని గుండె బాదుకున్న మనిషికి, ఇప్పుడు అది అబద్ధమో కాదో తెలియడం లేదు. అంతకంటే నరకం ఉంటుందా?

మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి కుంట వైపు పరుగెత్తింది. పూడిక తీసే పని అక్కడే. కొండప్ప భార్య గంగాదేవి చేతిలో ఫోను ఉండదు, కానీ పని చేయించే మేటు చేతిలో ఉంటుంది. ఆ ఫోను కంటే ముందు తను చేరాలి. ఎండకు రోడ్డు కాలుతోంది. చెప్పులు వేసుకోలేదన్న సంగతి సగం దూరం వెళ్లాక గాని తెలియలేదు.

చేరేసరికి ఆడవాళ్లంతా పారలు, గంపలు వదిలేసి ఒకచోట మూగి ఉన్నారు. మేటు ఫోను పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. అందరి నడుమ గంగాదేవి మట్టిలో కూర్చుని ఉంది. ఏడవడం లేదు. మేరాజ్ బీని చూడగానే లేచి వచ్చి రెండు భుజాలు పట్టుకుంది.

"నువ్వు చెప్పినావంటనే అక్కా? నువ్వు చూసినావా? యాడ చూసినావు?"

"చూడలేదు గంగా! నేను చూడలేదు. అల్లా మీద ఆన. పోయినాడని చెప్పినా, ఊరికి పోయినాడని. ఆ పిల్లోనికి మన మాట తెలీక సచ్చినాడని రాసినాడు. పొద్దున నా కాడికి నడిచొచ్చినాడు, బస్సెక్కినాడు, బాగుండాడు."

చుట్టూ ఉన్నవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. ఒకామె "నీ న్యూసు మీద మన్ను పొయ్య" అని మేరాజ్ బీని తిట్టింది. ఆ తిట్టు ఆమెకు చల్లగా తగిలింది. కానీ గంగాదేవి చేతులు తీయలేదు.

"బస్సా? యాడికి?"

"నీకు చెప్పలేదా?"

"తోట కాడికని చెప్పినాడే! ఇంకా తెల్లారక ముందే లేచినాడు. ఎప్పుడూ 'పోయొస్తా' అంటాడక్కా. ఈ పొద్దు 'పోతాండా' అన్నాడు. నేను నిద్రమబ్బులో ఊ అనిన." ఆమెకు అప్పుడు ఏడుపొచ్చింది. "పోతాండా అని ఎవురన్నా అంటారా అక్కా?"

ఎవరూ అనరు. గడప దాటే మనిషి తిరిగొస్తాననే చెప్పాలి, పక్కవీధికి వెళ్లినా సరే. మేరాజ్ బీతో కూడా అతను అదే అన్నాడు. తను దారం కొరుకుతూ తలూపింది. ఆమె వీలైనంత మామూలు గొంతుతో అడిగింది: "బువ్వ ఏమన్నా కట్టిచ్చినావా? ఊరగాయ ఏమన్నా?"

"ఏం కట్టియ్యలేదు. ఇంట్లో ఊరగాయ యాడుంది, అయిపోయి నెలాయె."

 మేరాజ్ బీకి సీసా సంగతి నోటిదాకా వచ్చింది, మింగేసింది. కళ్లతో చూడని దాన్ని చెప్పి పొద్దున ఒక ఇంటిని కూల్చింది, మళ్లీ అదే పని ఎలా చేస్తుంది? చెప్పకపోతే ఏమవుతుందో! గంగాదేవిని ఇంటికి తీసుకెళ్లే దారిలో కొంచెం వెనకబడి రామదాసుకే ఫోను చేసింది.

"సార్, ఇది రాయొద్దు. ఆయప్ప సంచిలో ఏదో సీసా ఉండాది సార్. ఇంట్లో ఇచ్చింది కాదు. నాకు శానా భయంగా ఉండాది."

 "రాయనండి" అన్నాడు ఆ కుర్రాడు. "ఆ ఫోటో మండలాల్లో మీలా కబురు చెప్పేవాళ్లందరికీ పంపుతాను. పంపి ఊరుకోను, ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేసి మాట్లాడతాను. పోలీసులకూ చెబుతాను. మీరు ఫోను దగ్గరే ఉండండి."

కొండప్ప ఇంటికి వచ్చేసరికి వాకిట్లో జనం చేరిపోయారు. అతని తండ్రి తిప్పయ్యకు వినిపించదు. అరుగు మీద కూర్చుని, వచ్చిన ప్రతివాడూ తన చెయ్యి ఎందుకు పట్టుకుంటున్నాడో తెలియక, "ఎవురు పోయినారప్పా? ఎవురు?" అని అడుగుతున్నాడు.  మండలం నుంచి ఒక చిన్న నాయకుడు పూలదండతో, ఫోటోలు తీసే మనిషితో దిగాడు. ఇంకా తెలియలేదంటే, "అయితే ఎప్పటికి తెలుస్తాది?" అని గడియారం చూసుకున్నాడు. మేరాజ్ బీకి ఆ దండ లాక్కుని అతని మెడలోనే వేయాలన్నంత కోపం వచ్చింది. దండ తెచ్చింది తన వార్తే అని గుర్తొచ్చి నోరు మూసుకుంది.

పీరాసాబ్ వచ్చాడు. అతను ఈసారి ఎగతాళి చెయ్యలేదు. ధర్మవరం బస్టాండులో అడిగి వచ్చాడు, అనంతపురం కండక్టరుకు ఫోను చేయించాడు. సంచి తగిలించుకున్నవాళ్లు బస్సులో చాలామందే ఉంటారు, ఎవరని చెప్పేది? మధ్యాహ్నమంతా మేరాజ్ బీ గంగాదేవి పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. ఫోను మోగినప్పుడల్లా గంగాదేవి ఆమె ముఖం వైపు చూసేది. ఎవరెవరో ఊళ్ల నుంచి ఫోన్లు. వార్త తీసేశారు గాని, తీసేయకముందే జనం ఒకరికొకరు పంపుకున్నది ఎవరు తీస్తారు? కదిరి నుంచి ఒకరు, పెనుకొండ నుంచి ఒకరు. "నిజమేనా" అని అందరూ అడిగేవాళ్లే. ప్రతిసారీ ఆమె "లేదు, లేదు" అంది. ప్రతిసారీ ఆ లేదు కొంచెం చిన్నదయింది. ఆ సంచి పట్టీని తను రెండు వరసలు కుట్టింది. గట్టిగా ఉండాలని, దూరం మోసుకెళ్లాలని. దేన్ని మోసుకెళ్లడానికి కుట్టింది? అల్లా, ఊరగాయే అయ్యేలా చూడు, ఎవరింట్లో అడుక్కున్న ఊరగాయైనా సరే అని లోలోపల మొక్కుకుంది. ఆ పక్కనే గుగూడు కుళ్లాయిస్వామికి కూడా మొక్కింది, ఎవరికి ముందు వినిపిస్తే వాళ్లే.

పొద్దు వాలి గొడ్లు ఇంటిదారి పట్టిన వేళ కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది.

"మేరాజక్కేనా? నేను వజ్రకరూరు ఇమ్మానుయేల్‌ను. మీ మాదిరే నిమిషం కబురు చెప్పేవాణ్ణి. మీ సచ్చిన మనిషి ఈడ నా పక్కన కూర్చోని బొరుగులు తింటాండాడు."

మేరాజ్ బీకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఫోను పెద్దగా వినిపించేలా పెట్టింది.

వజ్రకరూరు వైపు రెండు రోజుల కింద వాన పడింది. వాన పడితే ఆ చేలలో జనం వంగి వంగి నేల చూసుకుంటూ వజ్రాలు వెతకడం ఏటా ఉన్నదే. ఇమ్మానుయేల్ ఆ సంబరం వీడియో తీయడానికి పోయాడట. ఒక మనిషి మాటిమాటికీ మొహం తిప్పేసుకుంటుంటే ఏమిటా అనుకున్నాడట. సరిగ్గా అప్పుడే రామదాసు ఫోను చేసి, ఫోటో చూడమన్నాడట.

"ఉండు, ఇస్తాండా" అన్నాడు. అవతల గాలి చప్పుడు. తర్వాత కొండప్ప గొంతు, "గంగా" అని ఒక్క మాట.

గంగాదేవి ఫోను లాక్కుంది. "వజ్రాలకు పోయినావా? నీ మొగానికి వజ్రాలా? చెప్తే నేనొద్దంటానని దొంగగా పోతావా? ఊరంతా ఇంటి ముందర కూర్చుంది, మీ నాయన ఎవురు పోయినారని అడుగుతాండాడు, ఏం చెప్పల్ల నేను?" తిడుతూనే ఏడుస్తోంది, ఏడుస్తూనే తిడుతోంది.  చివరికి అతను "వస్తా" అన్నాడు, "పొద్దున మొదటి బస్సుకు వస్తా. రాత్రికి ఇమ్మానుయేల్ వాళ్ల ఇంట్లో పండుకోమంటాండాడు."

వాకిట్లో ఒక్కసారిగా నవ్వులు. వజ్రాలకు పోయినాడంట! పోయినాడంట! ఆ మాటనే అటూ ఇటూ తిప్పి నవ్వుకున్నారు. నాయకుడు దండను చూసి చూసి, వేరే పని ఉందని కారెక్కాడు. రామదాసు సవరణ వేశాడు, దానికి దండాల బొమ్మలు పెట్టినవాళ్లు పదిమంది కూడా లేరు. మేరాజ్ బీ ఇంటికొచ్చి, పొద్దున్నుంచీ తిండి లేదని గుర్తొచ్చి, చల్లటి సంగటి ముందు పెట్టుకుంది. పీరాసాబ్ "సీసా ఊరగాయేనంటావా?" అన్నాడు. "అంతే అయ్యింటుంది, యాడనో కొన్నింటాడు" అంది. అన్నదే గాని, రెండు ముద్దలకే సంగటి పక్కకు నెట్టేసింది.

మరునాడు మొదటి బస్సు ఆమె ఇంటి ముందే ఆగింది. గంగాదేవి ఎదురు రాలేదు. "వస్తే వచ్చినాడు, నేను పోను" అని పంతం పట్టి ఇంట్లో పొయ్యి ముందు కూర్చుంది. బస్సులోంచి ఎవరో "ఏమప్పా కొండప్పా, రోంత వజ్రాలు మాకూ పెట్టుపో" అని అరిచారు. కొండప్ప చెయ్యి ఊపి, బస్సు కదిలేదాకా ఆగి, మిషను దగ్గరికి వచ్చాడు.

"పట్టీ బాగా నిలిచిందక్కా" అన్నాడు. సంచి తీసి మిషను బల్ల మీద పెట్టాడు. లోపల సీసా చెక్కకు తగిలి చప్పుడైంది.

మేరాజ్ బీ చేతులు ఒడిలోనే పెట్టుకుంది. "ఊరగాయ కాదు కదా?"

"కాదు."

"తోటకు కొట్టే మందా?"

కొండప్ప తలూపాడు. రోడ్డు వైపే చూస్తూ చెప్పాడు. "ఒక పూట నేల చూద్దామనుకున్నా. దొరికితే దొరికె. లేకపోతే రాకూడదనుకున్నా. పొద్దు వాలతాంది, ఏం దొరకలేదు. సంచి తీసుకుని పక్కకు పోతాంటే ఆ ఇమ్మానుయేల్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. నువ్వేనా అని ఫోను చూపిచ్చినాడు. నా బొమ్మ చుట్టూ నల్లగీత." అతను సంచి పట్టీని వేలితో తడిమాడు. "నువ్వు చెప్పింది అబద్ధమేం కాదక్కా. రోంత ముందు చెప్పినావు, అంతే."

ఆమె కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అతను ఆమె వైపు చూడలేదు.

"దాన్ని పంపుకున్న గ్రూపుల్లో జనం ఏందేందో రాసినారు. సదివి వినిపిచ్చినాడు. ఒకడు రాసినాడూ, బోరు మీద బోరు ఏసినాడంటే వానికి బుద్ధి లేదు అని. నాకు ఎంత కోపమొచ్చిందో! వాడెవడక్కా, నా చెట్లు చూసినాడా? జవాబు చెప్పాలనుకున్నా. మళ్ల అనిపిచ్చింది, సచ్చినోడు యాడ జవాబు చెప్తాడు అని. అప్పుడే గంగ తిట్టింది ఫోన్లో. దానికీ జవాబు చెప్పాల గదా."

మేరాజ్ బీ సంచి తెరిచి సీసా బయటికి తీసింది. మూత మీద సీలు అలాగే ఉంది. దాన్ని చింపిరి గుడ్డలో చుట్టి, కత్తెర పెట్టుకునే పెట్టెలో వేసి తాళం పెట్టింది. 

"గంగకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తా."

"ఈ పొద్దే చెప్పల్ల. సాయంత్రం నేనొచ్చి అడుగుతా. రేపు మనం ముగ్గురం పెద్దాస్పత్రికి పోయి డాక్టరుతో మాట్లాడాల. మీ పీరన్న ఆటోలో పోదాం."

"సరే అక్కా."

ఖాళీ సంచి భుజాన వేసుకుని కొండప్ప కదిలాడు. నాలుగడుగులు వేశాడో లేదో మేరాజ్ బీ లేచి నిలబడింది. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. పిలిచి ఎక్కడికని అసలే అడగకూడదు. వాళ్లమ్మ బతికుంటే చెంప పగలగొట్టేది.

"కొండప్పా! యాడికి పోతాండావు?"

అతను ఆగాడు. వెనక్కి తిరిగి ఆమెను వింతగా చూశాడు. తర్వాత ఏదో అర్థమైనట్టు, ఆ ఫోటోలోలాగే కొంచెం నవ్వాడు.

"ఇంటికే అక్కా" అన్నాడు. మళ్లీ నడిచి, వాళ్ల వాకిలి దగ్గర ఆగి, అక్కడి నుంచి గట్టిగా అన్నాడు, "పోయొస్తా."

అతను వంగి గడప దాటేదాకా ఆమె చూసింది. లోపల గంగాదేవి తిట్లు మొదలయ్యేదాకా విన్నది. ఆ తర్వాత కూర్చుని నంబరు నొక్కింది. తియ్యటి గొంతు స్వాగతం చెప్పింది, గంట మోగింది.

"గుట్టకిందపల్లె నుంచి మేరాజ్ బీ. మా ఊరి కొండప్ప ఇప్పుడే ఇంటికి పోయినాడు. నేను అడిగినా, చెప్పినాడు. కండ్లారా చూసినా."

ఇంకా నిమిషం చాలా మిగిలే ఉంది. ఆమె మాట్లాడలేదు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, లైను దానంతట అది తెగేదాకా, పక్కింట్లో తిట్లు వింటూ కూర్చుంది.